పిళ్ళయార్ గుడి ముందు వ్యాన్ల విచారణ

"అత్తా, ఆ మనిషి ఇంతవరకు ఆ బండిని ఎంత దూరం నడిపినాడో అడిగినారా?"

"అడక్కుండా ఉంటానా? షోరూమ్ నుంచి గుడి దాకా."

"అంటే మైలున్నర."

"ఊఁ. మైలున్నరకే ఆయన మొహం అట్లా వెలిగిపోతుంటే, పదేళ్ళు నడిపినాక ఎంత వెలుగుతుందో నువ్వే చూసుకో!"

"కొత్త బండికి గంధం పూసి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టేటప్పుడు ఎవరైనా 'ఇది పనికిమాలిన బండి' అంటారా అత్తా?"

"దేవుడి ముందర నిలబడి ఎవరైనా అబద్ధం చెప్తారా? ముందు దానికి జవాబు చెప్పు."

ఈ జగడంలో తెలివైన మాటలన్నీ మా కోడలు వనజవి. తక్కినవి నావి. చదివే మీకు అది అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియడానికి మాత్రం ఇంకో పన్నెండు రోజులు పట్టింది. పన్నెండో రోజున ఒక కొత్త వ్యాను, ఒక దీపస్తంభం, ఒక రేకుల అంగడి పందిరి, మా సందు సందంతా కలిసి నాకు పాఠం చెప్పినారు. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. మిగిలిపోయిన పాఠాలన్నీ దేవుడు ఆ ఒక్క మధ్యాహ్నానికే పెట్టుకున్నాడని నా అనుమానం.

మాది మద్రాసులో చూలై. మా ముత్తాతలు ఎప్పుడో నెల్లూరు దిక్కు నుంచి వచ్చి ఈడ వ్యాపారం పెట్టినారంట. వ్యాపారం పోయింది, మేము మాత్రం మిగిలినాము. అప్పుడు ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయి, బోర్డులకు కొత్త రంగులు వేస్తుండిన కాలం. నాకు యాభై ఆరేళ్ళు. మా ఆయన కాగితాల మండీలో గుమాస్తా పని చాలించుకుని, ఈజీ చైర్లో పేపరు చదువుతూ, నేను ఏమన్నా "సరిలే" అంటుండినారు. మా కొడుకు శేఖర్ అంబత్తూరు ఫ్యాక్టరీలో పని. ఆ ఏడాది వాళ్ళకి ఓవర్‌టైమ్ నిలిపేసినారు. ఇంట్లో అందరం నోరు మూసుకుని చారులో ఇంకో చెంబు నీళ్ళు పోసుకుంటుండగా, ఒకరోజు వనజ తిరగమోత పెడుతూ పెడుతూ ఆ చిటపటల్లో ఒక మాట కలిపేసింది.

"అత్తా, నేను డ్రైవింగ్ నేర్చుకున్నా. లైసెన్సు కూడా వచ్చేసింది."

నాకు చేతిలో గరిటె జారలేదు గాని, జారినంత పనైంది. "కుట్టు క్లాసుకి గదా నువ్వు పోతుండింది!"

"అది... కుట్టు క్లాసు పక్కనే డ్రైవింగ్ స్కూలు."

మూడు నెలలు కుట్టు నేర్చుకుని ఒక్క దిండు గలీబు కూడా కుట్టలేదేమా అని నాకు అనుమానం ఉండనే ఉండింది. బుద్ధి మందగించిందేమో పాపం అని అడగలేదు.

ఆమె ఆలోచన ఇది. ఒక వ్యాను కొంటే, మన వీధి పిల్లోళ్ళని తనే బడికి తీసుకపోయి తీసుకొస్తుంది. ఏడుగురు తల్లులు ఒప్పుకున్నారు. పదకొండు మంది పిల్లోళ్ళు, మా మనవరాలు చిట్టిని కలుపుకుని. ఒప్పుకోవడం అంటే మనసారా కాదు. ఎదురింటి మల్లిక వాకిట్లో నిలబడి అందరి తరఫున గట్టిగా చెప్పేసింది. "ఇదిగో వనజక్కా, ఆడమనిషి వ్యాన్ నడిపేది మేము ఎక్కడా చూడలే. ఏదో నీ మొహం చూసి సరి అంటున్నాము. బడి తెరిచే రోజు పొద్దున బండి రెడీగా ఉండాల. లేదంటే మా ఆటో ఆయనకే మళ్ళీ చెప్పేస్తాం. అప్పుడు నన్ను అనకూడదు."

వనజ "సరి" అని తలూపింది. ఆ రాత్రి నుంచి ఆ పిల్ల క్యాలెండర్ ముందు నిలబడి రోజులు లెక్కపెట్టుకోవడం నేను చూస్తూనే ఉండినాను. పెళ్ళయి తొమ్మిదేళ్ళకి నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

డబ్బు నేనిచ్చినాను. ఇరవై ఏళ్ళు చీటీలు కట్టి దాచిందంతా. డబ్బు నాది గనక బండిని ఏరే పని కూడా నాదే అన్నాను. అదీ తప్పు. కానీ ఇంకా పెద్ద తప్పులు ముందు వస్తాయి, తొందరపడకండి.

నేను అరకిలో వంకాయలు కొనాలన్నా మూడు అంగళ్ళు తిరుగుతాను. కాయ ఎంతుంది అని చూస్తాను, వెల అడుగుతాను, చివరికి నిన్న అదే అంగట్లో కొన్న మనిషిని పట్టుకుని "వండినావా? చేదు లేదు గదా?" అని అడుగుతాను. వంకాయకే మూడు ప్రశ్నలైతే వ్యానుకి ఎన్ని కావాల? ఆ మూడే చాలు అనుకున్నాను. లోపల చోటెంత? వెల ఎంత? కొన్నవాళ్ళు తృప్తిగా ఉండారా?

అప్పట్లో మా కళ్ళకి ఆనినవి రెండే రకాల వ్యాన్లు. కంపెనీ పేర్లు రాయను. తప్పంతా నాదే, వాళ్ళనెందుకు ఇందులోకి లాగేది? మా ఇంట్లో వాటికి మేము పెట్టుకున్న పేర్లు చాలు. ఒకటి డబ్బా వ్యాను. ముందూ ఎనకా ఒకే తీరుగా, బిస్కెట్ల రేకు డబ్బాకి చక్రాలు పెట్టినట్టుంటుంది. రెండోది ముక్కు వ్యాను. ముందరికి ఇంత పొడుగు ముక్కు, ఎనక ఇంత పొట్ట, డీజిల్ బండి.

వనజకి డబ్బా మీద మనసు. "చిన్నది అత్తా, సందుల్లో బాగా తిరుగుతుంది."

"తిరగడానికి అది బొంగరమా? పిల్లోళ్ళు పట్టాల గదా!" అన్నాను.

చూసినారా, ఆ 'సందు' అనే మాట ఆమె మొదటి రోజే అనేసింది. నేను చెవిలో వేసుకుని ఉంటే ఈ కథే ఉండదు.

ఒక ఆదివారం పదకొండు మంది పిల్లోళ్ళనీ బస్సెక్కించి మౌంట్ రోడ్డుకి తీసుకపోయినాను. కండక్టరు టిక్కెట్లు కొట్టి కొట్టి వేలు విదిలించుకున్నాడు. షోరూమ్‌లో టై కట్టుకున్న సేల్స్ పిల్లోడు మమ్మల్ని చూసి, తలుపు తీయాలా మూయాలా తెలియక నడిమధ్యన పట్టుకుని నిలబడినాడు.

"ఎన్న పాట్టీ, స్కూల్ టూరా?" అన్నాడు. పాట్టీ అంటే అరవంలో అవ్వ.

"కాదు నాయనా, బండి చూడాల. చిట్టీ, ఎక్కవే! అందరూ ఎక్కండి!"

డబ్బా వ్యానులో పదకొండు మందినీ సర్దినాము. ఒకడి మోచెయ్యి ఇంకొకడి ముక్కులో ఉండింది గాని, తలుపు పడింది. ఇడ్లీ కుండలో ఇడ్లీల మాదిరి, ఆవిరి ఒక్కటే తక్కువ.

"మేడమ్, మేడమ్, ఇది అంతమందికి కాదు!" అని ఆ పిల్లోడు చుట్టూ తిరుగుతుండినాడు.

తరవాత ముక్కు వ్యాను దగ్గరికి పోయినాము. అదే పదకొండు మంది లోపలికి దూరినారు, ఎనక ఎదురెదురు బెంచీల మీద కూచున్నారు, ఇంకా చోటు మిగిలితే మధ్యలో గిల్లీదండా ఆడతామన్నారు. నేను నడుముకి చుట్టుకొచ్చిన తాడు తీసినాను. మూరకొక ముడి వేసి పెట్టుకున్న తాడది. లోపలి పొడుగు కొలిచినాను. లోపలి వెడల్పు కొలిచినాను. సీటు మీద నిలబడి లోపలి ఎత్తు కూడా కొలిచినాను. సేల్స్ పిల్లోడు గోడకి ఆనుకున్నాడు.

బయట కొలవలేదు. ఎందుకు కొలుస్తాను? బిందె కొనేటప్పుడు ఎన్ని నీళ్ళు పడతాయనే గదా చూస్తాము. మన గుమ్మంలో దూరుతుందా అని ఎవరైనా చూస్తారా? అప్పుడు నా తెలివి అట్లా ఉండింది.

వెల అడిగినాను. ముక్కు వ్యానే జాస్తి. కానీ ఒక్కో పిల్లోడు కూచునే చోటుకి ఎంత పడుతుందని ఇంటికొచ్చి మా ఆయన చేత లెక్క వేయించినాను. డీజిల్ చౌక అన్నది కూడా కలిపితే రెండూ ఇంచుమించు సమానం.

"మరి నా మాట వినండి అత్తా, రెండూ సమానమైతే చిన్నదే..."

"ఉండు. ఇంకా మూడో ప్రశ్న ఉండాది. తృప్తి."

తృప్తి ఎక్కడ దొరుకుతుంది? వ్యాను ఉన్నవాళ్ళు ఎక్కడ గుంపుగా కనిపిస్తారు? రెండు రోజులు ఆలోచించినాను. మూడో రోజు వాకిట్లో ముగ్గు వేస్తుంటే తోచింది. మెయిన్ రోడ్డు మీది పిళ్ళయార్ గుడి, అదే మన వినాయకుడి గుడి! ఊళ్ళో ఎవరు కొత్త బండి కొన్నా, సైకిలు నుంచి లారీ దాకా, మొదట ఆడికే గదా తెచ్చేది. అయ్యరు వచ్చి బొట్టు పెట్టి, హారతిచ్చి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడితే, బండి వాటిని తొక్కుకుంటూ పోతుంది. వెతికే పని లేకుండా సొంతదారులు వాళ్ళే నా ముందుకి వస్తారు! ఇంత తెలివి నాకు ఎవరిచ్చినారా అని ముగ్గు మధ్యలో నిలిపేసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

వారం రోజులు పొద్దున ఆరుకే పోయి గుడి మెట్టు మీద కూచున్నాను. ముక్కు వ్యాన్లు నాలుగు వచ్చినాయి.

"ఏం నాయనా, బండి ఎట్లుండాది? తృప్తేనా?"

"రొంబ సంతోషం పాట్టీ!" మొదటాయన చేతిలో చక్కెర పొంగలి పెట్టినాడు.

రెండో ఆయన కళ్ళలో నీళ్ళు. "పదేళ్ళ కల పాట్టీ ఇది." మూడో ఆయన భార్య నాకు కుంకుమ ఇచ్చి, "మీరు కూడా ఇదే కొనండి పెద్దమ్మా" అంది. నాలుగో ఆయన జవాబుగా హారన్ కొట్టి చూపించినాడు.

డబ్బా వ్యాను ఒక్కటంటే ఒక్కటి వచ్చింది. దాని సొంతదారు మొహం చూస్తే ఆముదం తాగినట్టుండింది.

"ఏం నాయనా, తృప్తేనా?"

"ఏం తృప్తి పెద్దమ్మా! పొద్దున లేచిన కాడి నుంచి ప్రాణం తీస్తా ఉండాది!" అన్నాడు.

ఆయన చెప్పింది బండిని గురించి కాదు. ముందు సీట్లో అలిగి కూచుని దిగను పొమ్మంటున్న వాళ్ళ అత్తగారిని గురించి. అది నాకు చాలా నాళ్ళకు, ఆయనే మళ్ళీ కనిపించి చెప్తే తెలిసింది. ఆ పూటకి మాత్రం, ముక్కు వ్యానుకి నాలుగుకి నాలుగు, డబ్బాకి సున్న అని క్యాలెండర్ కాగితం ఎనక రాసుకుని ఇల్లు చేరినాను. ఆ రోజు జరిగిందే మొదట రాసిన జగడం.

వనజ అంతటితో వదల్లేదు. "పోనీ అత్తా, పాతపడిన బండ్లవాళ్ళని అడగండి. పక్క సందులో మెకానిక్ వేలు అన్న షెడ్డు ఉండాది గదా."

న్యాయంగానే తోచింది. పోయినాను. షెడ్డులో అయిదు బండ్లుండినాయి. అయిదూ డబ్బాలే! ఒకదానికి తలుపు లేదు, ఒకదానికి ఇంజన్ లేదు. సొంతదారులు స్టూళ్ళ మీద కూచుని బండిని, పెట్రోలుని, కొన్న రోజుని కలిపి తిడుతుండినారు. ముక్కు వ్యాను మందుకి కూడా లేదు. ఇంకేం కావాల సాక్ష్యం?

ఇంటికొచ్చి తీర్పు చెప్పేసినాను. వనజ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అత్తా, వేలు అన్న డబ్బా బండ్లు తప్ప వేరేవి ముట్టుకోడు! అంత పెద్ద బోర్డు పెట్టినాడు, చూడలేదా?"

"బోర్డు అరవంలో ఉండాది."

"మీకు అరవం చదవడం వచ్చు!"

"అప్పుడు కండ్లద్దాలు ఇంట్లో ఉండినాయి."

కంటి ఆసుపత్రి వాకిట్లో నిలబడి, ఊళ్ళో అందరికీ కండ్లు పోయినాయని చాటింపు వేసినట్టు ఉండింది నా పని. కానీ నోట్లో నుంచి తీర్పు వచ్చేసింది, ఎనక్కి ఎట్లా మింగేది? మా ఆయన వైపు చూసినాను.

"ఏమండీ, ముక్కుదే గదా?"

"సరిలే" అన్నారు పేపరు దించకుండా. వనజ క్యాలెండర్ దగ్గరికి పోయి మళ్ళీ రోజులు లెక్కపెట్టుకుంది.

బేరమాడటంలో మాత్రం నేను తప్పు చేయలేదు. "ఇంత పెద్ద బండి కొంటా ఉండాము, కొసరు ఏమిస్తావు నాయనా?" అని టై పిల్లోణ్ణి అడిగినాను. కూరగాయల అంగట్లో కరివేపాకైనా ఇస్తారు గదా! వాడు పైవాణ్ణి అడిగి, పైవాడు ఇంకా పైవాణ్ణి అడిగి, చివరికి కాళ్ళ కింద పరిచే చాపలు, ఒక గొడుగు, రెండు గోడ క్యాలెండర్లు వచ్చినాయి. గొడుగు ఇప్పటికీ ఉండాది.

బడి గురువారం తెరుస్తారు. బండి బుధవారం పొద్దున పదికి ఇస్తామన్నారు, ఇచ్చేసరికి పన్నెండుకి పావు తక్కువ. పన్నెండుకి రాహుకాలం మొదలు. గుడి కూడా పన్నెండుకి మూసేస్తారు. పూజ రేపు పొద్దున చేసుకుందాము, ముందు రాహుకాలం లోపల బండి ఇంటి ముందర నిలబడాల అన్నాను. షోరూమ్ డ్రైవరు తోలుతుండినాడు. నేను ముందు సీట్లో, రాణీ మాదిరి. వనజ, చిట్టి ఎనక బెంచీ మీద.

మా సందు మొదట్లో వనజ అరిచింది. "అన్నా, రోడ్డు మీదనే నిలపండి! లోపలికి పోదు!"

"ఏం పోదు? చేపల బండి పోతుంది, నీళ్ళ బండి పోతుంది, ఇస్త్రీ బండి పోతుంది! ఆయన హారతి పళ్ళెం పట్టుకుని వాకిట్లో నిలబడుకోని ఉండారు. పోనీ నాయనా, పోనీ!"

డ్రైవరు నన్ను చూసినాడు, సందుని చూసినాడు. మళ్ళీ నన్ను చూసినాడు. సందు కన్నా నేనే భయంగా కనపడినట్టుంది, పోనిచ్చినాడు.

మా సందు మొదట వెడల్పు, పోను పోను సన్నం. నడిమధ్యన కుడి పక్క దీపస్తంభం, ఎడమ పక్క మునుసామి రేకుల అంగడి. వాడు బకెట్లు, పెట్టెలు చేసి అమ్ముతాడు. ఎండకి అంగడి ముందర ఇనప గుంజలు పాతి రేకు పందిరి వేసుకున్నాడు. వ్యాను ముక్కు ఆ రెండింటి మధ్యన జారి పోయింది. ఆహా అనుకున్నాను. తరవాత పొట్ట వచ్చింది. కర్రర్రర్ అని ఒక శబ్దం. ఎవరో నా ఇరవై ఏళ్ళ చీటీ డబ్బుని రేకు కత్తెరతో కత్తిరించినట్టు. బండి ముందుకి పోదు, ఎనక్కి రాదు. రెండు పక్కల తలుపులూ తెరుచుకోవు.

డ్రైవరు ఇంజన్ ఆపినాడు. "పాట్టీ, నా డ్యూటీ డెలివరీ వరకే. డెలివరీ అయిపోయింది" అని తాళం నా చేతిలో పెట్టి, సీటు మీద నుంచి ఎనక్కి పాకి, ఎనక తలుపులో నుంచి దూకి పోయినాడు. ఆ మనిషిని మళ్ళీ చూడలేదు.

నేను కూడా అట్లానే బయటపడాల గదా. యాభై ఆరేళ్ళ మనిషిని, వీధిలో ఎవరి పిల్లోడు గట్టిగా నవ్వినా గద్దించే రాజమ్మని, పట్టు చీర మోకాళ్ళ దాకా ఎత్తుకుని, సీటు వీపు ఎక్కి, బెంచీల నడుమ పాకి, ఎనక తలుపులో నుంచి ముందు కాలు బయట పెట్టినాను. సందు సందంతా నిలబడి చూస్తా ఉండాది. ఎవరూ నవ్వలేదు. అదే ఘోరం. నవ్వాపుకోవడానికి ఒక్కొక్కరు ఒక్కో పక్క తిరుక్కున్నారు. మా చిట్టి ఒక్కతే చప్పట్లు కొట్టి, "అవ్వా, ఇంకోసారి!" అంది.

బండి అవతలి పక్క నుంచి మా ఆయన గొంతు వినిపించింది. "రాజం, హారతి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించేదా?"

మునుసామి అంగడి మూసుకుని వాషర్‌మెన్‌పేటలో పెళ్ళికి పోయినాడు. వాడొచ్చి గుంజ ఊడదీస్తే గాని కదిలే దారి లేదు. నాలుగు గంటలు! నీళ్ళ బండి ఎనక్కి తిరిగి పోయింది. చేపలామె బండి కింద నుంచి గంప తోసి, అవతలికి చుట్టూ తిరిగి పోయి తీసుకుంది. పిల్లోళ్ళు మాత్రం ఎనక తలుపులో నుంచి ఎక్కడం దిగడం ఆట చేసుకున్నారు. తృప్తి అంటే వాళ్ళదే.

మధ్యలో మల్లిక వచ్చింది. బండిని చూసింది, వనజని చూసింది.

"ఇందుకే అక్కా నేను అప్పుడే చెప్పినా. మా పిల్లోళ్ళని ఇందులో ఎట్లా పంపేది చెప్పు? సాయంత్రం ఆటో ఆయన వస్తాడు. నేను మాట్లాడేస్తా."

"బండిని ఇరికించింది నేను కాదు మల్లికా" అంది వనజ మెల్లగా. 'ఎవరు ఇరికించినారో' అని మాత్రం అనలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ పిల్లకి నేను ఒక్క మంచి మాట చెప్పలేదని ఆ నిమిషం గుర్తొచ్చింది. మల్లిక పక్కన ఇంకో ముగ్గురు తల్లులు చేరినారు. పదకొండు మంది పిల్లోళ్ళు నా కళ్ళ ముందరే ఒక ఆటోలోకి దూరిపోతుండినారు.

నేను తాళం తీసి వనజ చేతిలో పెట్టినాను. "ఏం చేయాలో నువ్వు చెప్పు. నేను వింటా."

మా ఆయన అవతలి పక్క నుంచి "ఏందీ?" అన్నారు. ఆయనకి కూడా నమ్మకం కుదరలేదు.

నాలుగుకి మునుసామి పట్టు పంచెతో వచ్చినాడు. వేలు అన్న స్పానర్లు తెచ్చినాడు. ఎడమ గుంజ ఊడదీసినారు, బండి అద్దాలు రెండూ మడిచినారు. జానెడు సందు దొరికింది. వనజ కొంగు బిగించి ఎనక తలుపులో నుంచి పాకి డ్రైవరు సీట్లోకి పోయింది. కిటికీలో నుంచి తల బయట పెట్టి నన్ను పిలిచింది.

"అత్తా, మీరు ఎనక నిలబడండి. రావచ్చు అంటే చెయ్యి ఊపండి. వద్దంటే చెయ్యి చాపండి. నోరు మాత్రం వద్దు!"

నలభై ఏళ్ళ కాపురంలో నన్ను నోరు మూసుకోమన్న మనిషి లేడు. సందంతా ఊపిరి బిగబట్టింది. నేను కూడా బిగబట్టినాను. చెయ్యి ఊపినాను.

ఆ పిల్ల బండిని ఎనక్కి తీసిన తీరు ఏం చెప్పేది! ఇంచీ వస్తుంది, ఆగుతుంది. స్తంభాన్ని చూస్తుంది, నన్ను చూస్తుంది. ఇంకో ఇంచీ. నిద్రపోయే బిడ్డ కింద నుంచి దుప్పటి లాగినట్టు. వేలు అన్న "నిదానం, నిదానం" అనడం మొదలుపెట్టి, తరవాత అవసరం లేదని మానేసినాడు. నాకు పదిసార్లు అరవాలనిపించింది. పదిసార్లూ నాలుక కొరుక్కున్నాను. పావుగంటకి వ్యాను మొత్తం మెయిన్ రోడ్డు మీద, ఎండలో, కట్టెల డిపో పక్కన నిలబడింది. ఎడమ పక్కన చెయ్యంత పొడుగు గీత ఒకటి, అంతే.

వనజ దిగింది. చీర ఎనకంతా చెమటకి తడిసి పోయింది. మల్లిక ఆమె దగ్గరికి పోయి, ఆ గీతని వేలితో తడిమి చూసింది.

"రేపు పొద్దున ఎన్ని గంటలకక్కా?" అంది చివరికి.

"ఏడుంబావుకి. ఈడికే తీసుకురండి, సందు మొదటికి."

"ఆటో ఆయనకి వద్దని చెప్పేస్తా."

ఆ సాయంత్రం దీపం పెట్టి, ఇంట్లో అందరినీ నిలబెట్టి, వాళ్ళు సాక్షిగా నేను ఒట్టు పెట్టుకున్నాను. ఈ రాజమ్మ ప్రాణం ఉన్నంతవరకు, దండ వేసిన బండి దగ్గరికి పోయి తృప్తి సంగతి అడగదు. బిందె కొన్నా, బీరువా కొన్నా, ఏనుగుని కొన్నా, ముందు గుమ్మం కొలిచి గాని అంగడి మెట్టు ఎక్కదు. కోడలు 'సందు' అన్నప్పుడు 'బొంగరం' అనదు.

"ఏనుగు ఎందుకు కొంటావు అవ్వా?" అంది చిట్టి.

"ఒట్టు మధ్యలో మాట్లాడకూడదు" అన్నాను.

మర్నాడు పొద్దున ఆరున్నరకి బండిని పిళ్ళయార్ గుడికి తీసుకపోయినాము. గీత కనపడకుండా దాని మీద బంతిపూల దండ నేనే అడ్డంగా కట్టినాను. అయ్యరు హారతిచ్చినాడు. వనజ స్టీరింగ్ ముందు కూచుంది. ఇంతలో గొడుగు పట్టుకున్న ఒక పెద్దాయన నా పక్కకి వచ్చి, బండిని పైనుంచి కింది దాకా చూసినాడు.

"ఏమ్మా, నేను కూడా ఒక వ్యాన్ కొనాలని ఉండాను. ఇది ఎట్లుండాది? తృప్తేనా?"

నేను ఆలోచించలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది. "రొంబ సంతోషం సార్!"

"ఎంత దూరం నడిపినారు?"

ఆ ప్రశ్న వినగానే వనజ కిటికీలో నుంచి తల బయట పెట్టి నన్నే చూసింది.

"షోరూమ్ నుంచి మా సందు దాకా" అన్నాను. "అందులో నాలుగు గంటలు కదల్లేదు."

ఆయన గొడుగు సర్దుకుని పోయినాడు. వనజ నవ్వుతూనే నాలుగు నిమ్మకాయలూ తొక్కించింది. ఏడుంబావుకి సందు మొదట్లో పదకొండు మంది పిల్లోళ్ళు నిలబడి ఉండినారు, బడి సంచులతో, నీళ్ళ సీసాలతో, టిఫిన్ డబ్బాలతో. సెలవుల్లో కొలిచినప్పుడు ఈ మూటలు లేవని అప్పుడు గుర్తొచ్చింది నాకు. అన్నీ పట్టినాయి. డబ్బా వ్యాను అయితే పట్టేవి కావు, ఆ మాట వనజకి అప్పుడే గట్టిగా చెప్పినాను కూడా. ఆమె "సరి అత్తా" అని గేరు వేసింది. బండి మూల తిరిగి బడి వైపు పోయింది.